మీరు ముందు పదండి

నేను పెట్టిన తలుపులన్నీ లోపలికే తెరుచుకుంటాయి. అమలాపురం నుంచి అల్లవరం దాకా నేను కట్టిన ఏ ఇంటికైనా వెళ్ళి చూసుకోండి. నలభై ఏళ్ళు తాపీ పట్టాను. గుమ్మం నిలబెట్టేటప్పుడు పక్కనే నిలబడి వడ్రంగికి చెప్పేవాణ్ణి, తలుపు లోపలికి రావాలని. ఇంటికి మనిషి వస్తే మనం తలుపు తీస్తూ వెనక్కి జరగాలి. అలా జరగడమే "దయచేయండి" అనడం. బయటికి తెరిచే తలుపైతే వచ్చినవాడే ఓ అడుగు వెనక్కి వెయ్యాలి. రొమ్ము మీద చెయ్యి పెట్టి నెట్టినట్టుంటుంది. అలాంటి తలుపు నేను పెట్టనని ఎంతోమందితో పోట్లాడాను.

ఒక్కచోట మాత్రం పెట్టాను. కొత్తపేట రోడ్డు మీద ఓ పెళ్ళిళ్ళ హాలుకి. ఎందుకు పెట్టానో, దాని దగ్గర ఎంత గొడవ జరిగిందో రాస్తున్నాను. రాత నాకు ఆలస్యంగా వచ్చింది. యాభై అయిదేళ్ళ దాకా వేలిముద్రే. మా ఇంటావిడ అయిదో తరగతి చదివింది. పని లేని వానాకాలంలో ఇటుక ముక్కతో అరుగు మీద అక్షరాలు దిద్దించింది. నా మొదటి వాచకం సిమెంటు బస్తా. ఇప్పుడు కనిపించిన బోర్డల్లా పైకి చదువుతానని ఆవిడకి విసుగు. నేర్పింది తనే, పడాలి మరి.

ఆ హాలు ఆసామి పద్దెనిమిదేళ్ళు కువైట్‌లో ఓ పెద్ద హోటల్లో పనిచేశాడు. హాలు మొదలుపెట్టినప్పుడు అతను అక్కడే ఉన్నాడు. ఇక్కడ కుర్చీ వేసుకుని పని చేయించింది వాళ్ళమ్మగారు. శంకుస్థాపన రోజు కొబ్బరికాయ కొట్టాక ఆవిడ నన్ను పక్కకి పిలిచింది.

"మేస్త్రిగారూ, మీరు కడతంది హాలని అనుకుంటన్నారేమో. కాదండి. మావాడు ఇక్కడుండిపోటానికి ఓ వంక కడతన్నారు."

సంగతి అదీ. హాలు తెరిస్తే కొడుకు ఉద్యోగం మానేసి ఇక్కడే ఉంటాడు. తెరవకపోతే సెలవు అయిపోగానే మళ్ళీ విమానం ఎక్కుతాడు. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే ఉండిపోతానని వచ్చి, ఉండలేక వెళ్ళిపోయాడు. మూడోసారి వెళ్తే మళ్ళీ వచ్చేసరికి తనుంటుందో ఉండదో అని ఆవిడ భయం. ఆ మాట ఆవిడ అనలేదు. మనిషిని చూస్తే తెలుస్తుంది.

పునాదులు తీస్తుండగా కాకినాడ నుంచి ఓ అమ్మాయిగారు వచ్చారు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. కాళ్ళకి బూట్లు, నెత్తిన టోపీ, చేతిలో చుట్టిన ప్లాను. ఆసామి కువైట్ నుంచే కుదిర్చాడట. అగ్నిమాపక శాఖ వాళ్ళు కాగితం ఇస్తేనే హాలు తెరవాలని, ఆ కాగితం రావాలంటే ఎలా కట్టాలో ఈవిడ చెబుతుందని అన్నారు.

"నిప్పుకి కూడా ఇంజనీరుంటారాండి?" అన్నాను. "ఓ బిందెడు నీళ్ళు పోస్తే పోయేదానికి?"

"ఆ బిందె ఎక్కడుండాలో చెప్పడానికే వచ్చేనండి బాబాయిగారూ," అంది.

మాట పడే మనిషి కాదని అర్థమైంది. నాకు అలాంటివాళ్ళంటే ఇష్టమే. ఇష్టమని తెలియనివ్వను.

ప్లాను విప్పింది. కింద భోజనాల హాలు, పైన పెళ్ళి హాలు. ముందువైపు పెద్ద మెట్లు. వెనకవైపు ఇంకో మెట్ల వరస, వాటి చుట్టూ గోడ, ప్రతి అంతస్తులోనూ తలుపు.

"ఎక్కడానికి ముందున్నాయి కదండి. మళ్ళీ ఇవెందుకు?"

"ఇవి ఎక్కడానికి కాదండి. దిగడానికి."

"ఎక్కినవాటి మీంచి దిగకూడదాండి?"

"ఆ మెట్ల దగ్గరే నిప్పంటుకుంటే?"

నాకు జవాబు లేకపోతే కోపం వస్తుంది. వచ్చింది. సున్నపు మార్కులు సరిగ్గా వెయ్యలేదని పక్కనున్న కూలీని తిట్టాను. పాపం, సరిగ్గానే వేశాడు.

ప్లానులో మాటలన్నీ ఇంగ్లీషు. గీతలు చదవడం నాకు నలభై ఏళ్ళుగా వచ్చు, మాటలే రావు. రెండోసారి వచ్చినప్పుడు ఆ అమ్మాయిగారు ప్రతి గీత పక్కనా పెన్సిలుతో తెలుగులో రాసి తెచ్చింది. 'ఇక్కడ తలుపు బయటికి.' 'ఇక్కడ గడప వద్దు.' 'ఈ గోడకి కిటికీ పెట్టొద్దు.' నా నలభై ఏళ్ళ పనిలో ఏ ఇంజనీరూ నాకోసం ఓ అక్షరం రాయలేదు. కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చదివాను. చదివి, "రాత కుదురుగా లేదండి" అన్నాను.

"మీ మెట్టు కూడా కుదురుగా లేదండి," అంది.

వెనక మెట్లు అప్పటికే సగం పోశాం. ఆవిడ అడుగు బద్ద పెట్టి ఒక్కో మెట్టూ కొలిచింది. ఎత్తు ఆరంగుళాలు, అడుగు పెట్టే చోటు పన్నెండంగుళాలు ఉండాలట. నేను అంతకుముందు కట్టిన ఇళ్ళలో మెట్లకి లెక్కెక్కడిది? స్థలం ఎంతుంటే అంత. ముసలాళ్ళు మోకాళ్ళు పట్టుకుని ఎక్కేవాళ్ళు, నన్ను తిట్టుకుంటూ. ఇక్కడ అయిదో మెట్టు అరంగుళం ఎక్కువొచ్చింది. కొట్టేయమంది.

"అరంగుళానికాండి? ఆ పైన గ్రానైటు వేస్తే ఎవడికి తెలుస్తుంది?"

"కంటికి తెలీదండి. కాలికి తెలుస్తుంది. మొదటి రెండు మెట్లు దిగేసరికి కాలు లెక్క నేర్చేసుకుంటుంది బాబాయిగారూ. తర్వాత చూసుకోదు. పొగలో దిగేవాడికి కాలే కన్ను. ఒక్క మెట్టు తేడా వస్తే వాడు పడతాడు. వాడి మీద వెనకున్నవాళ్ళంతా పడతారు."

కాలు లెక్క నేర్చుకుంటుందన్న మాట నాకు నచ్చింది. మెట్టు కొట్టేశాను. నచ్చిందని చెప్పలేదు.

తలుపు దగ్గర మాత్రం నేను దిగిరాలేదు. బయటికి తెరిచే తలుపు పెట్టనంటే పెట్టనన్నాను. కంగారులో జనం మీద పడితే లోపలికి తెరిచే తలుపు ఇక రాదని ఆవిడ, మర్యాద తప్పిన గుమ్మం నా చేత్తో నిలబెట్టనని నేను. రెండు రోజులు మాటలు లేవు. మూడో రోజు టీ తాగుతుండగా ఆవిడే అడిగింది.

"మీరెప్పుడైనా ఇల్లు కాలడం చూసేరా బాబాయిగారూ?"

చూశాను. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు మా వీధిలో అన్నీ తాటాకిళ్ళే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చివరింట్లో అంటుకుంది. గాలి మా వైపుంది. మా గుమ్మం వైపు మంట వచ్చేసింది. మా అమ్మ గుమ్మం వైపు చూడనైనా చూడలేదు. వెనకవైపు తడికని కాలితో ఒక్క తన్ను తన్నింది. కన్నం పడింది. అందులోంచి నన్నూ, మా చెల్లెల్నీ, పొట్టేలునీ ఈడ్చి బయట పడేసింది. ఇల్లు పోయింది, మేం ఉన్నాం. తాటాకింటికి నాలుగు వైపులా గుమ్మమే. తంతే దారి.

ఇదంతా చెబుతూ చెబుతూ నేను ఆగిపోయాను. పెద్దయ్యాక నేను తాపీ పని నేర్చుకున్నదే ఆ రోజు వల్ల. ఇటుక గోడైతే కాలదని. ఊరూరా తాటాకు పీకించి ఇటుకతో కట్టాను. తొమ్మిదంగుళాల గోడ, కిటికీకి ఇనప ఊచలు, ఒకటే గుమ్మం, దానికి లోపలికి తెరిచే తలుపు. నేను కట్టిన గోడని ఏ తల్లీ కాలితో తన్ని దారి చేసుకోలేదు. ఆ ముక్క అప్పటిదాకా నాకు తట్టలేదు.

అమ్మాయిగారు లేచింది. గ్లాసులు తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. నేను వెళ్ళి వడ్రంగితో తలుపు బయటికి తిప్పమన్నాను. "మీరేనాండి చెబుతంది?" అని వాడు రెండుసార్లు అడిగాడు. రెండోసారి తిట్టాను.

నేను ఒప్పుకున్నా పెద్దావిడ ఒప్పుకోలేదు. తలుపు ఎటు తెరిచినా ఆవిడకి పట్టింపు లేదు. గడప లేదంటేనే పట్టింపు.

"గడప లేకుండా పెళ్ళి హాలేవిటండి? పసుపు ఎక్కడ రాయనండి? గాల్లో రాయనా?"

"కాలు తగిలి పడతారండి పిన్నిగారూ," అంది అమ్మాయిగారు.

"మా ఇంట్లో గడప తగిలి ఎవరూ పళ్ళేదండి ఇన్నేళ్ళలో."

"మీ ఇంట్లో ఏడుగురుంటారండి. ఇక్కడ ఎనిమిదొందల మంది."

కొడుకుని ఫోన్లో పిలిచారు. తెర మీద మొహం కనిపిస్తూనే ఉంది. అమ్మ మాట్లాడితే అమ్మ వైపు తలూపాడు, అమ్మాయిగారు మాట్లాడితే ఆవిడ వైపు తలూపాడు. కువైట్‌లో ఎండగా ఉందని చెప్పి పెట్టేశాడు.

నేనే అన్నాను. "గడప ఎత్తుగా ఉండాలని ఎవరన్నారండి అమ్మగారూ? నేలలో కలిపేసి పసుపు రంగు వేద్దాం. ఎర్ర బొట్లు పెడదాం. చూస్తే గడప, తొక్కితే నేల."

పెద్దావిడ మొహం చిట్లించింది. అమ్మాయిగారు మాత్రం గబుక్కున సంచీలోంచి ఓ చిన్న పలక తీసింది. గుమ్మాల దగ్గర నేల మీద వేసే రంగు నమూనా అట. గది తలుపు మూసి చూపించింది. చీకట్లో అది పచ్చగా వెలిగింది.

"కరెంటు పోయినా దారి కనబడాలని ఎలాగూ ఇది వెయ్యాలండి. గడపలాగే వేద్దాం."

"చీకట్లో వెలిగే పసుపాండి?" అంది పెద్దావిడ. పలకని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇది మా ఇంటికి కూడా వేస్తారా?"

ఎర్ర బొట్లు ఆవిడే పెట్టింది, సన్న కుంచెతో. వంకరగా వచ్చాయి. నేను దిద్దుతానంటే వద్దంది.

మార్గశిరంలో ఆసామి సెలవు మీద దిగాడు. మాఘం చివరి దాకా సెలవు. మాఘంలోనే మొదటి పెళ్ళి ఒప్పుకున్నాడు, అల్లవరం వాళ్ళది. శుభలేఖలు అచ్చయిపోయాయి, మన హాలు పేరుతో. ఇక అగ్నిమాపక కాగితం ఒక్కటే బాకీ.

పెళ్ళికి రెండు వారాల ముందు ఆఫీసరుగారు వచ్చారు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. మేడ మీద నీళ్ళ ట్యాంకు చూశారు. గొట్టాలు విప్పించి నీళ్ళు కొట్టించి చూశారు. నిప్పార్పే బండి తిరగడానికి చోటుందా అని పెరడంతా నడిచి చూశారు. ఆ చోటు కోసం అడ్డొచ్చిన రెండు కొబ్బరి చెట్లు కొట్టించినప్పుడు పెద్దావిడ ఓ పూట అన్నం తినలేదు. వెనక మెట్లు దిగి, ఎక్కి, మళ్ళీ దిగారు. చివరికి, "జనంతో ఓసారి ఖాళీ చేయించి చూపించండి," అన్నారు. అది రూలో ఆయన పట్టుదలో నాకు తెలియదు.

మర్నాడే చుట్టాల్నీ, పక్కాల్నీ, వీధిలోవాళ్ళనీ పిలిచారు. పులిహోర, గారెలు పెడతామంటే పైన హాలు నిండిపోయింది. అమ్మాయిగారు మైకులో నాలుగుసార్లు చెప్పింది. గంట మోగగానే లేచి, వెనక తలుపులోంచి, వెనక మెట్ల మీదుగా పెరట్లోకి రావాలి. అందరూ "ఆయ్, అలాగేనండి" అన్నారు. మా వాళ్ళు కాదనరు. ఏదీ కాదనరు.

ఆఫీసరుగారు పెరట్లో గడియారం పట్టుకుని నిలబడ్డారు. ఆయన పక్కన ఆసామి, అమ్మాయిగారు, నేను. గంట మోగింది.

ఎవరూ రాలేదు.

గంట మోగుతూనే ఉంది. మెట్ల మీద ఒక్క అడుగు చప్పుడు లేదు. ఆఫీసరుగారు గడియారం చూశారు, మెట్ల వైపు చూశారు, మళ్ళీ గడియారం చూశారు. ఇక ఆగలేక నలుగురం పైకి వెళ్ళాం.

తలుపు బార్లా బయటికి తెరిచే ఉంది. నేల మీద పచ్చ గడప ఉంది. గడపకి అటు మెట్లు ఖాళీ. ఇటు ఇద్దరు పెద్దమనుషులు నిలబడి ఉన్నారు. ఒకాయన ఆసామికి పిల్లనిచ్చిన మావగారు. రెండో ఆయన ఆసామి మేనమావ, పెద్దావిడకి తమ్ముడు. వాళ్ళ వెనక హాలంతా వరసలో నిలబడి ఉంది, బుద్ధిగా.

"తమరు పదండి బావగారూ."

"అబ్బే, ఎంత మాట! ముందు తమరు."

"పిల్లనిచ్చినవారు. తమరుండగా నేను ముందా?"

"తమరు మేనమావ. తమ తర్వాతే మేం ఎవరవైనా."

"అలా అనకండి బావగారూ, నాకు సిగ్గుగా ఉంది."

వెనక ఓ ఆడమనిషి అంటోంది, "మొగాళ్ళు నడిస్తే గదా మేం నడిచేది." ఇంకొకాయన, "పెద్దాళ్ళని తోసుకుపోతామాండి, మనిషి పుట్టక పుట్టి," అంటున్నాడు. మావగారు చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆ గంట కాస్త ఆపండర్రా, బావగారి మాట వినబళ్ళేదు," అన్నారు.

ఆఫీసరుగారు గడియారం జేబులో పెట్టుకున్నారు.

"మెట్లు బాగున్నాయండి," అన్నారు ఆసామితో. "తలుపు బాగుంది. కానీ ఈ హాలు ఖాళీ అవ్వదండి." ఓ వారంలో మళ్ళీ వస్తానని, అప్పుడైనా ఖాళీ అయితే కాగితం ఇస్తానని చెప్పి వెళ్ళిపోయారు. గారె పెట్టబోతే వద్దన్నారు.

జనం ముందు మెట్ల మీంచి దిగి, భోజనాల హాల్లోకి మాత్రం చకచకా వెళ్ళారు. అక్కడ ఎవరూ ఎవర్నీ ముందు పదండి అనలేదు.

ఆ సాయంత్రం మేం వెనక మెట్ల మీద కూర్చున్నాం. అమ్మాయిగారు నెత్తిన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"పొగ లెక్క వేసేనండి. నీళ్ళ లెక్క వేసేను. జనం ఎంత జోరుగా నడుస్తారో ఆ లెక్కా వేసేను. మర్యాద లెక్క వెయ్యలేదండి. నేను చదివినదాంట్లో అది లేదు."

పెద్దావిడ తలుపులోంచి హాలు గోడనున్న కాలెండరు వైపు చూస్తోంది. మాఘం ఎన్నాళ్ళుందో ఆవిడకి చూడకుండానే తెలుసు.

ఎవరు ముందు నడవాలో ఓ వరస రాసి గోడకి పెడదామని ఆసామి అన్నాడు. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. "ఆ వరస రాసేసరికి ఈ మాఘం కాదు, వచ్చే మాఘం వెళ్ళిపోద్ది నాయనా. మీ నాన్న దినం నాడు వడ్డన వరస తప్పిందని మీ పెద్దత్త ఇప్పటికీ మాటాడదు."

"అయితే ఎవరో ఒకరు వెనకనుంచి గట్టిగా చెప్పాలండి," అంది అమ్మాయిగారు. "అవసరమైతే చెయ్యి పట్టుకుని నడిపించాలి. అలాంటి మనిషి ఒకరుండాలని రూలు కూడా ఉంది. ఎవరున్నారు?"

"మావగారిని నేనెలా తోస్తానండి?" అన్నాడు ఆసామి.

"తమ్ముణ్ణి నేననలేను," అంది పెద్దావిడ. "వాడికి ముక్కు మీద కోపం."

అప్పటికి మా ఇంటావిడ నాకు మందు బిళ్ళలు తెచ్చి, మెట్టు మీద కూర్చుని అంతా వింటోంది. ఆవిడంది:

"మా ఆయన్ని పెట్టుకోండమ్మా. ఆయనకి మర్యాద తెలీదు. నలభై రెండేళ్ళుగా చూస్తన్నాను."

అందరూ నా వైపు తిరిగారు. "అయ్యో, అలా అనకండి" అని ఒక్కరైనా అంటారేమోనని చూశాను. అంత మర్యాదస్తుల్లో ఒక్కరూ అనలేదు.

అమ్మాయిగారు నాకు మూడు రోజులు నేర్పింది. ఎక్కడ నిలబడాలి, ఎవర్ని ముందు చూడాలి, నడవలేని ముసలాళ్ళని ఎవరికి అప్పగించాలి. ఎక్కువ మాట్లాడొద్దంది. నేను చెప్పాల్సిన మాటలు ఓ అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చింది. 'లేవండి. నడవండి. ఆగొద్దు.' ఈసారి రాత కుదురుగా ఉంది. ఇంట్లో కూర్చుని వల్లిస్తుంటే, గుడ్లు అమ్మడానికి వచ్చిన మనిషి అరుగు మీంచి లేచి వెళ్ళిపోయింది. గుడ్లు తీసుకోకుండా పంపేశానని మా ఇంటావిడ ఆ పూట నాకు పచ్చడి మెతుకులే పెట్టింది.

వారం గడిచింది. మళ్ళీ అదే జనం, అవే గారెలు. ఆఫీసరుగారు పెరట్లో. నేను ఈసారి పైన, తలుపు పక్కన.

గంట మోగింది. "లేవండి!" అని అరిచాను. లేచారు. "నడవండి!" అన్నాను. నడిచారు. తలుపు దాకా వచ్చారు. మేనమావగారు గడప మీద ఆగారు. వెనక్కి తిరిగారు. మావగారిని చూసి చెయ్యి చాపారు.

"తమరు..."

అప్పుడే నాకు నేను కట్టింది నాకే గుర్తొచ్చింది. ఆ తలుపు వెడల్పు ఆరున్నర అడుగులు. అంత వెడల్పెందుకని నేనే ఆ అమ్మాయిగారితో వాదించాను. ఇద్దరు మనుషులు కాదు, ముగ్గురు పడతారు పక్కపక్కన. ముందూ లేదు, వెనకా లేదు.

కుడిచెయ్యి మేనమావగారి వీపు మీద, ఎడమచెయ్యి మావగారి వీపు మీద వేశాను. "ఇద్దరూ ఒకేసారి పడతారు. ఆగొద్దు!" అని ఒక్క తోపు తోశాను. మెల్లిగానే. ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ పచ్చ గడప దాటారు. కండువాలు రెండూ కలిసిపోయాయి. వాళ్ళు కదలగానే కట్ట తెగినట్టు హాలంతా కదిలింది. ఆడవాళ్ళు, పిల్లలు, చేతికర్ర పట్టుకున్న తాతగారు. మెట్ల మీద ఎవరూ తడబడలేదు. కాళ్ళు లెక్క నేర్చుకున్నాయి.

చివరి మనిషి దిగాక హాలు ఓసారి చుట్టి చూసుకుని నేనూ దిగాను. ఆఫీసరుగారు గడియారం చూసుకున్నారు. అమ్మాయిగారిని చూసి తలూపారు. ఆ రోజు రెండు గారెలు తిన్నారు.

మేనమావగారు కండువా సర్దుకుంటూ నా దగ్గరికొచ్చారు. మొహం ఎర్రగా ఉంది.

"ఏమోయ్ మేస్త్రీ, నా వీపు మీద చెయ్యేసేవు."

"ఆయ్. వేసేనండి."

"పెద్దా చిన్నా లేదన్నమాట."

"నిప్పుకి లేదండి. అందుకని నేనూ మానేసేను."

ఆయన ఇంకా ఏదో అనబోయారు. మావగారు వచ్చి, "పదండి బావగారూ, గారెలు చల్లారిపోతాయి" అని తీసుకెళ్ళారు. ఇద్దరూ పక్కపక్కనే నడిచి వెళ్ళారు. అలవాటైపోయినట్టుంది.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు కాగితం వచ్చింది. ఆసామి దాన్ని అద్దం కట్టించి ముందు గుమ్మం పక్కన తగిలించాడు. అందులో ఇంగ్లీషు నాకు రాదు. కింద సంతకం, ముద్ర చూసి, గోడకి మేకు వంకరగా కొట్టాడని చెప్పి నేనే మళ్ళీ కొట్టాను.

పెళ్ళి బాగా జరిగింది. నేను ఉతికిన పంచె కట్టుకుని, అట్ట జేబులో పెట్టుకుని, వెనక తలుపు పక్కన కుర్చీలో కూర్చున్నాను. పూల డెకరేషనువాళ్ళు తలుపు కనబడకుండా తెర కట్టబోతే విప్పించాను. వంటవాళ్ళు అరటాకుల కట్టలు అక్కడ పెడితే తీయించాను. పెళ్ళికూతురి తండ్రి, హాలు కట్టింది నేనేనని ఎవరో చెబితే విని, నా దగ్గరికొచ్చి, "తమరు భోజనానికి దయచేయండి," అన్నాడు. ఆగొద్దని చెప్పి పంపేశాను.

అంతకంటే నాకు బాగా గుర్తున్నది పెళ్ళి కాదు. అది జరిగిన పది రోజులకి, మాఘం ఆఖరున, ఓ మామూలు రోజు. హాల్లో ఏ పెళ్ళీ లేదు. నేను ఊరికే వెళ్ళాను. వెళ్ళేసరికి వెనక మెట్ల మీద ప్లాస్టిక్ కుర్చీలు దొంతర్లు దొంతర్లుగా పెట్టున్నాయి, ఓ మనిషి పక్కకి తిరిగి దిగాల్సినంత.

"అబ్బాయిగారూ!" అని అరిచాను. ఆసామి చొక్కా చేతులు మడుచుకుని వచ్చాడు.

"ఇదేవిటండి?"

"చోటు లేదండి మేస్త్రిగారూ. రెండ్రోజులేనండి."

"కువైట్ హోటల్లో అయితే మెట్ల మీద కుర్చీలు పెట్టనిస్తారాండి?"

"పెట్టనివ్వరండి."

"మరి?"

"అక్కడ మీరు లేరండి, పెట్టుంటే దొరికిపోయేవాణ్ణి కాదు," అని నవ్వాడు. నవ్వుతూనే ఒక దొంతర నెత్తికెత్తుకుని కిందకి దిగడం మొదలుపెట్టాడు. రెండోది, మూడోది. చెమటలు కారుతున్నాయి. నేను కూర్చుని చూశాను. ముసలాణ్ణి కదా.

అప్పుడే పెద్దావిడ పైకి వచ్చింది, చేతిలో పసుపు గిన్నె. తలుపు దగ్గర కూర్చుని, నేలలోని ఆ రంగు గడప మీద నిజం పసుపు తడిపి రాయడం మొదలుపెట్టింది. ఈ చివర నుంచి ఆ చివరకి, మందంగా.

"అమ్మగారూ, అలా రాస్తే అది వెలగదండి. చీకట్లో దారి కనబడొద్దా?"

ఆవిడ చెయ్యి ఆపలేదు. మెట్ల కింద కొడుకు కుర్చీలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇవాళ మావాడి సెలవు ఆఖరండి," అంది. "పొద్దున్న విమానం వెళ్ళిపోయింది. ఈ ఒక్కరోజుకి వెలక్కపోతే పోనివ్వండి."

సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాక తడిగుడ్డ పెట్టి అంతా తుడిచేశాను. గోడ పక్కన, ఎవరి కాలూ పడని చోట, బెత్తెడు పసుపు మాత్రం ఉంచాను.